నాయన లెక్కల పుస్తకం



తల్లిదండ్రులు పోయిన తరువాత తోబుట్టువుల మధ్య జరిగే ఆస్తి పంపకాల గురించి మాట్లాడమని అడిగినప్పుడు నేను వెంటనే ఒప్పుకోలేదు. చట్టం చెప్పడానికి వకీళ్ళున్నారు. నేను పొద్దున తెలుగు, మధ్యాహ్నం తమిళం చెప్పుకునే బడిపంతులమ్మను. అయితే మా నాయన పోయాక మా అన్నతో నేను పడిన తంటా నా ఒక్కదానిదే కాదు. రాయకోట చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్ళినా అటువంటి ఇల్లు ఒకటైనా కనిపిస్తుంది. అందుకని ఒప్పుకున్నాను. మా అన్న ఈ ప్రసంగం వింటాడు. ఏమి చెప్పబోతున్నానో అతనికి ముందే చదివి వినిపించాను. రెండు చోట్ల కొట్టేయమన్నాడు. ఒకటి కొట్టేశాను.

మా నాయన 2019 అక్టోబరులో పోయాడు. అమ్మ అంతకు ఐదేండ్ల ముందే పోయింది. మిగిలింది మేము ముగ్గురం. అన్న పెద్దవాడు. కర్ణాటకలో ఆనేకల్ దగ్గర కాపురం, జిగణి వైపు ఒక కార్ఖానాలో పని. నేను నడిమిదాన్ని, రాయకోటలోనే ఉన్నాను. చెల్లెల్ని కుప్పం ఇచ్చాము, అంటే ఆంధ్ర. ఒక తల్లి బిడ్డలం మూడు రాష్ట్రాల్లో ఉన్నామన్నమాట. మన సరిహద్దు జిల్లాలో ఇదేమీ వింత కాదని మీకు తెలుసు. చదువులు కూడా అలాగే సాగాయి. మగపిల్లవాడికి ఉద్యోగానికి పనికొస్తుందని అన్నను తమిళ బడిలో వేశారు. ఆడపిల్లలు దూరం పోనక్కర లేదని మమ్మల్ని ఊళ్ళోని తెలుగు బడిలో వేశారు. నేను పట్టుబట్టి తమిళం కూడా నేర్చుకున్నాను. అన్న ఇంట్లో తెలుగు మాట్లాడతాడు గాని ఒక్క అక్షరం చదవలేడు. చెల్లెలికి తమిళం మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. ఈ సంగతి గుర్తుంచుకోండి. మా తగాదా అంతా దీని చుట్టూనే తిరిగింది.

ఆస్తి చెప్పుకోదగ్గదేమీ కాదు. తాత నుంచి వచ్చిన మూడు ఎకరాల ఇరవై సెంట్ల చేను, అందులో ఒక బావి, గట్టు మీద ఒక చింతచెట్టు, ఊళ్ళో నాయన కట్టిన పెంకుటిల్లు, బ్యాంకులో రెండు లక్షల పదివేల రూపాయల డిపాజిట్టు. వీలునామా లేదు. "నేను పోయినాక మీరే చూసుకోండి" అనేవాడు నాయన. చూసుకుంటామనే అనుకున్నాము.

పదకొండో రోజున బంధువులు భోంచేసి ఆకులు తీస్తుండగా అన్న ఒక స్టాంపు కాగితం తెచ్చి మా ముందు పెట్టాడు. తమిళంలో టైపు చేయించిన విడుదల పత్రం. పెళ్ళిళ్ళప్పుడు మాకు రావలసినది ముట్టింది గనుక తండ్రి ఆస్తిలో చెల్లెళ్ళిద్దరికీ ఇక ఏ హక్కూ లేదని అందులో ఉంది. చెల్లెలు కలం చేతిలోకి తీసుకొని "ఎక్కడ పెట్టాలక్కా?" అని నన్నడిగింది. నేను "ఉండమ్మా, చదివి చెప్తాను" అన్నాను. నేనన్న మాట అంతే. అన్న ముఖం మారిపోయింది. "టీచరమ్మ చదువుతుందట, అందరూ వినండి" అన్నాడు. అంతవరకు నన్ను పాపా అని పిలిచేవాడు. ఆ రోజు నుంచి టీచరమ్మనయ్యాను.

ఇక్కడ అక్కచెల్లెళ్ళకు ఒక మాట చెప్పాలి. ఆ కాగితం మీద సంతకం పెడితే పుట్టిల్లు దక్కుతుంది, పెట్టకపోతే భూమి దక్కుతుంది, రెండూ దక్కవు అని మనకు చిన్నప్పటి నుంచీ ఎవరూ చెప్పకుండానే నేర్పేశారు. మా మేనత్త ఒకతె ఉండేది. 1978లో మా తాత ఆస్తిని మా నాయనా చిన్నాయనా పంచుకొని రిజిస్టరు చేసుకున్నప్పుడు, ఆ పత్రంలో ఆమె పేరే లేదు. ఆమెను అడగనూ లేదు. ఏటా సంక్రాంతికి ఒక చీర పెట్టేవారు. ఆమె ఆ చీర కట్టుకొనే తిరిగి వెళ్ళేది. నాకు ఆ రోజు ఆ చీరలు గుర్తుకొచ్చాయి.

చట్టం సంగతి కొంచెం చెబుతాను, ఓపిక పట్టండి. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం తండ్రి సొంతంగా సంపాదించి, వీలునామా రాయకుండా పోతే, కొడుకులూ కూతుళ్ళూ భార్యా తల్లీ సమానంగా పంచుకోవలసిందే. అందులో మొదటి నుంచీ పేచీ లేదు. పేచీ అంతా పిత్రార్జితంలో. అక్కడ కొడుక్కి పుట్టుకతోనే హక్కు, కూతురికి లేదు. దీనిని మొదట మార్చినవాటిలో మన దక్షిణాది రాష్ట్రాలు ముఖ్యమైనవి. ఆంధ్రప్రదేశ్ మార్పు 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. తమిళనాడుది 1989 మార్చి 25 నుంచి, కర్ణాటకది 1994 జూలై 30 నుంచి. మూడు చోట్లా ఒకటే మెలిక. ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతుళ్ళకు ఆ హక్కు రాదు. ఒకే ఇంటి ఆడపడుచుల్లో పెళ్ళి తేదీని బట్టి ఒకరికి హక్కు, ఇంకొకరికి చీర! 2005 సెప్టెంబరు 9న కేంద్ర చట్టం వచ్చి ఈ తేడాలన్నీ తీసేసింది. అప్పటికీ, తండ్రి ఆ తేదీనాటికి బతికి ఉండాలా అక్కరలేదా అని కోర్టులు రెండు విధాలుగా చెబుతూ వచ్చాయి. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు, కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుంది, తండ్రి ఆనాటికి బతికి ఉండనక్కర లేదు అని తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే సక్రమంగా జరిగిపోయిన పంపకాలను మాత్రం కదపరాదు. మా మేనత్తకు జరిగినది ఇప్పుడు తిరగదోడలేము.

దీనిని మా చేనికి అన్వయించి చూస్తే మీకు సులభంగా తెలుస్తుంది. పాత పద్ధతిలో నాయనా అన్నా మాత్రమే భాగస్తులు. చెరి సగం. నాయన పోయాక ఆయన సగంలో మా ముగ్గురికీ మూడు వంతులు. అంటే అన్నకు రెండు ఎకరాల 13 సెంట్లు, మాకు తలా 53 సెంట్లు. కొత్త పద్ధతిలో తలా ఒక ఎకరా ఆరు సెంట్ల చిల్లర. అన్న మనసులో ఉన్నది పాత లెక్క కూడా కాదు. మొత్తం తనదే అనుకున్నాడు. పెళ్ళిలో పెట్టిన బంగారం చట్టం లెక్కలో ఆస్తి భాగం కాదని చెబితే, "అయితే ఆ పన్నెండు సవరన్లు తిరిగి ఇచ్చేయి" అన్నాడు.

కాగితాల మీద సంతకాలు పడకపోయేసరికి అన్న చేసిన పనులు చెబుతాను. ఇంటికి కొత్త తాళం వేశాడు. 1978 నాటి మూలపత్రం తీసుకెళ్ళి ఆనేకల్‌లో పెట్టుకున్నాడు. మమ్మల్ని అడగకుండా చేను ఒకరికి టమేటా సాగుకు గుత్తకిచ్చి అడ్వాన్సు పుచ్చుకున్నాడు. చెల్లెలికి వకీలు చేత తమిళంలో నోటీసు పంపించాడు. పాపం అది ఆ కాగితం చూసి పోలీసు కేసనుకొని ఫోనులో ఏడ్చింది. దాని అత్తగారింట్లో ఎవరికీ తమిళం రాదు. నేను ఫోనులోనే చదివించుకొని, అంటే అది ఒక్కొక్క అక్షరం ఎలా ఉందో వర్ణించి చెబుతుంటే నేను కూడబలుక్కొని, అరగంటకు అర్థం చెప్పాను. ఇప్పుడు నవ్వు వస్తుంది. ఆ రోజు రాలేదు.

మూలపత్రం దాచేస్తే ఇక చేసేదేమీ లేదని చాలామంది భయపడతారు. ఆ భయం అక్కరలేదు. రిజిస్టరైన ఏ పత్రానికైనా సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రుసుము కట్టి ధ్రువీకరించిన నకలు తీసుకోవచ్చు. ఆ భూమి మీద ఏ లావాదేవీలు జరిగాయో చూపే విల్లంగ సర్టిఫికెట్టు కూడా అక్కడే దొరుకుతుంది. మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించి, ఆ సర్టిఫికెట్టుతో తహశీల్దారుకు దరఖాస్తు పెట్టుకుంటే వారసుల సర్టిఫికెట్టు ఇస్తారు. అందులో ముగ్గురి పేర్లూ ఉండాలి. ఇవన్నీ నేను 2020 మార్చి లోపలే చేసి పెట్టుకున్నాను. లేకపోతే లాక్‌డౌనులో ఇరుక్కునేదాన్ని. ఒక భాగస్తుడు ఒంటరిగా గుత్తకిచ్చినా ఆ రాబడి అందరిదీ అని కూడా అప్పుడే తెలుసుకున్నాను. ఆ ఏడు లాక్‌డౌనులో కాయ అడిగే దిక్కు లేక గుత్తదారు మధ్యలోనే వదిలేసి పోయాడు. పంచుకోవడానికి రాబడి మిగలలేదు. అది వేరే సంగతి.

ఇవి కాగితాలు. కాగితాలు పుట్టించవచ్చు. అన్న నోట మాట పుట్టించడం ఎలాగో నాకు తెలియలేదు. అత్తిబెల్లె దగ్గర దారి మూసేశారు. పాసు లేనిదే ఆ రాష్ట్రం వాళ్ళు ఈ రాష్ట్రంలోకి రావడానికి లేదు. అంతా ఫోనులోనే. ఫోనులో మాట్లాడితే అవతల పక్కన ఇంకెవరున్నారో తెలియదు. నేనొక మాటంటే వెనక నుంచి వదిన గొంతు వినిపించేది. మా ఇంట్లోనూ మా వారు పక్కన కూర్చొని "అట్లా కాదు, ఇట్లా అడుగు" అని అందించేవారు. నలుగురు మాట్లాడుకుంటూ ఇద్దరు మాట్లాడుకుంటున్నట్టు నటించాము. వదినను తప్పు పట్టను. ఆమెకు మా ఇంట్లో జరిగినవేవీ తెలియవు, అన్న చెప్పినదే తెలుసు.

ఒక రోజు ఫోనులో అన్న అన్నాడు: "నాయన చేను మూడున్నర ఎకరాలు. పట్టాలో తక్కువ చూపిస్తా ఉండారు. ముప్పై సెంట్లు ఎవురు మింగినారో నాకు తెలుసు." ఎవరు అంటే నేను. ఊళ్ళో ఉన్నదాన్ని నేనే కదా. ముప్పై సెంట్లంటే 13,068 చదరపు అడుగులు. రోడ్డు పక్క చేనుకు అది చిన్న మాట కాదు. నేను నిద్రపోలేదు. మూడున్నర అని అతనికి ఎవరు చెప్పారు? అడిగితే "నాయనే చెప్పినాడు, మూడు ఇరవై అని" అన్నాడు.

మూడు ఇరవై! మీలో ఆనేకల్, మాలూరు వైపు చుట్టరికాలున్నవారికి ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది. తమిళనాడులో, ఆంధ్రలో ఎకరాకు నూరు సెంట్లు. కర్ణాటకలో ఎకరాకు నలభై గుంటలు. మూడు ఇరవై అంటే నాయనకు మూడు ఎకరాల ఇరవై సెంట్లు. పాతికేండ్లుగా ఆనేకల్‌లో ఉన్న అన్నకు అది మూడు ఎకరాల ఇరవై గుంటలు, అంటే సరిగ్గా మూడున్నర ఎకరాలు. తేడా ముప్పై సెంట్లు. పైగా మన పట్టాలో ఉండేది ఎకరాలూ కాదు, గుంటలూ కాదు. హెక్టేర్లు, ఏర్లు. మా పట్టాలో 1.29.5 అని ఉంది. ఆ అంకె చూసి అన్నకు అనుమానం ఇంకా గట్టిపడింది. ఒకే నేలకు మూడు రాష్ట్రాల కొలతలు వేసుకొని మేము ఏడాదిపాటు ఒకరినొకరు దొంగలనుకున్నాము.

ఇక్కడ ఒక చిన్న పిడకల వేట. పట్టా అనే కాగితానికి మన జిల్లాతో పాత చుట్టరికం ఉంది. 1792లో టిప్పు సుల్తానుతో శ్రీరంగపట్నం సంధి జరిగి బారామహల్ కంపెనీ చేతికి వచ్చినప్పుడు కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్, అతని కింద థామస్ మన్రో ఏడేండ్లపాటు ఇక్కడి భూములు కొలిపించారు. రైతు పేరు మీదనే శిస్తు కట్టించుకునే రైత్వారీ పద్ధతికి ఇక్కడే పునాది పడింది. తరువాత మన్రో దానిని రాయలసీమకు తీసుకుపోయాడు. భూమిని కొలవడం మన ప్రాంతంలోనే అంత ముందుగా నేర్చుకున్నారు. మేమే కొలత పేరు అడగడం మరచిపోయాము.

కొలత సంగతి లెక్క వేసి చెబితే అన్న నమ్మాడా? నమ్మలేదు. "నువ్వు చెప్పేదంతా నీకు అనుకూలంగానే ఉంటుంది" అన్నాడు. అప్పుడు నాయన లెక్కల పుస్తకం గుర్తుకొచ్చింది. చెక్కపెట్టెలో ఉండేది, పొడుగాటి బౌండు పుస్తకం. దాన్ని నాయన ఆస్పత్రిలో ఉన్నప్పుడే నా దగ్గర పెట్టుకోమన్నాడు. విత్తనాల ఖర్చు, కూలి, ఎరువు, చింతపండు అమ్మిన డబ్బు, అన్నీ తెలుగులో రాసేవాడు. చేని కొలత సెంట్లలో ఎక్కడైనా రాసి ఉంటాడేమో చూద్దామని తీశాను.

కొలత దొరికింది. దానితోపాటు నేను వెదకనిది కూడా దొరికింది. 1996 నుంచి 2003 వరకు నెలకో రెండు నెలలకో ఒక పద్దు: పెద్దోడు పంపినది, నూట యాభై. పెద్దోడు పంపినది, మూడు వందలు. 2001లో ఒక చోట: పెద్దోడు పంపినది ఎనిమిది వేలు, పాప బి.ఇడి. ఫీజుకు. నా బి.ఇడి.కి నాయన చింతపండు అమ్మి కట్టాడని ఇరవై ఏండ్లుగా అందరికీ చెప్పుకుంటున్నాను. ఉద్యోగంలో చేరిన రోజు సభలో కూడా చెప్పాను. అన్న ఆ రోజు వెనక బెంచీలో కూర్చుని ఉన్నాడు.

మొత్తం కూడాను. ముప్పై ఎనిమిది వేల నాలుగు వందలు. ఆ కాలపు కార్ఖానా జీతంలో నుంచి.

శ్రోతలారా, మా అన్న మొండివాడని ఇంతసేపు చెప్పాను. ఇప్పుడు నా సంగతి చెప్పాలి. ఆ పుస్తకం చూసిన తరువాత పదిరోజులపాటు నేను ఎవరికీ చెప్పలేదు. మా వారికి కూడా. అన్న తెలుగు చదవలేడు. చెల్లెలు కుప్పంలో ఉంది. ఆ పుస్తకంలో ఏముందో లోకంలో నాకొక్కదానికే తెలుసు. కొలత ఉన్న పేజీ ఒక్కటి ఫొటో తీసి పంపితే నా పని అయిపోతుంది. పంపబోయి రెండుసార్లు ఆగాను. చదువు రానివాణ్ణి మోసం చెయ్యడానికి అబద్ధం చెప్పనక్కర లేదు. కొంత చదివి కొంత మానేస్తే చాలు. నేను ఆ పదిరోజులూ చేసినది అదే.

పదకొండో రోజున పుస్తకం మొత్తం, ఎనభై నాలుగు పేజీలు, ఫొటోలు తీసి వాట్సాప్‌లో అన్నకు పంపాను. నేను చదివి చెప్పలేదు. "నీకు నమ్మకమైన ఎవరిచేతనైనా చదివించుకో" అని మాత్రం తమిళంలో రాశాను. కార్ఖానాలో అనంతపురం నుంచి వచ్చిన ఒక కుర్రవాడు ఉన్నాడట. అన్న అతని చేత టీ వేళల్లో రోజుకు రెండు మూడు పేజీలు చదివించుకున్నాడు. దాదాపు రెండు నెలలు పట్టింది. మధ్యలో ఫోను లేదు, మాట లేదు. ఆ తరువాత ఒక ఆదివారం చేశాడు. కొలత గురించి ఏమీ అనలేదు. "నాయన రాసినాడా అవన్నీ? నేను పంపిందంతా రాసినాడా?" అన్నాడు. రాశాడన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వెనక నుంచి వదిన గొంతు కూడా వినిపించలేదు.

అతనికి కావలసింది నేల కాదు అని నేను చెప్పను. నేల కూడా కావాలి. ఆనేకల్ పక్కన సెంటు ధర ఏమిటో చూసినవాడికి నేల ఎందుకు వద్దు? కానీ ఇరవై ఏండ్లుగా ఆ ఇంట్లో తను పెట్టినది ఎవరి లెక్కలోనూ లేదని అతను అనుకుంటున్నాడు. నాయన తనతో ఒక్కనాడూ ఆ మాట అనలేదు. రాసుకున్నాడు గాని, కొడుకు చదవలేని అక్షరాల్లో రాసుకున్నాడు.

అక్కడి నుంచి అన్నీ సాఫీగా జరిగాయని అనుకోకండి. బ్యాంకు డిపాజిట్టుకు నాయన నన్ను నామినీగా పెట్టాడు. బ్యాంకు నాకే ఇచ్చింది. నామినీ అయితే డబ్బంతా నామినీదే అనే అపోహ మనలో బాగా ఉంది. అన్నకూ ఉంది, మా వారికీ ఉంది! నామినీ పుచ్చుకునేవాడే గాని సొంతదారు కాదు. ఇన్సూరెన్సు విషయంలో 1984లోనే సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. బ్యాంకు డబ్బు విషయంలో 2010లో మళ్ళీ చెప్పింది. కాబట్టి ముగ్గురికీ తలా డెబ్బై వేలు. అందులో ముందుగా అన్న పంపిన ముప్పై ఎనిమిది వేల నాలుగు వందలూ తీసి అతనికిచ్చి, మిగిలింది పంచుదామని నేనన్నాను. వెంటనే చెల్లెలు అడ్డుకుంది. "ఫీజు కట్టింది నీకు. నా భాగంలో ఎందుకు కోస్తావు?" అంది. న్యాయమే. ఇంతవరకు మా ఇద్దరి మధ్య నలిగిపోయిన పిల్ల నోరు విప్పినది అదే మొదటిసారి. నా డెబ్బై వేలలో నుంచే ఇచ్చాను. అన్న వద్దంటాడని లోలోపల అనుకున్నాను. అనలేదు. రెండుసార్లు లెక్కపెట్టుకొని జేబులో పెట్టుకున్నాడు. "వడ్డీ లేదా?" అన్నాడు. అది నవ్వులాటో కాదో ఇప్పటికీ తెలియదు.

ఇంటి విషయంలో ఇంకొక ఏడాది గడిచింది. కోర్టుకు పోదామని మా వారు అన్నారు. గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడు, ఓడినవాడు కోర్టులోనే ఏడ్చాడు అని ఊరికే అనలేదు పెద్దలు. భాగం కోసం దావా వేస్తే ముందు ఎవరికెంత అని ఒక డిక్రీ, తరువాత ఎక్కడెక్కడ అని ఇంకొక డిక్రీ. మధ్యలో కమిషనరు వచ్చి చూసి పోవాలి. అయినా తప్పనిసరి అయినవారు ఒకటి తెలుసుకోండి. న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవారికి, వారి రాబడి ఎంతైనా సరే, ఉచితంగా వకీలు సాయం దొరుకుతుంది. లోక్ అదాలత్‌లో రాజీ అయితే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. మేము అంతదాకా పోలేదు. పోవచ్చునని తెలిసి ఉండడం మాత్రం నాకు ధైర్యమిచ్చింది. అన్నకు కూడా అది తెలుసునని నాకు తెలుసు.

చివరికి 2022 జూన్‌లో ముగ్గురం రాయకోటలో కూర్చున్నాము. ఆడబడుచులూ మరుదులూ వదినలూ ఎవరూ ఉండకూడదని చెల్లెలు షరతు పెట్టింది. మా వారు అలిగారు గాని వెళ్ళి టీకొట్టు దగ్గర కూర్చున్నారు. కుప్పం నుంచి వచ్చిన మా మరిది కూడా అక్కడే ఉన్నాడట. ఇద్దరూ చెరో మూడు టీలు తాగారు. ఇల్లు అన్నకు. దానికి బదులుగా రోడ్డు పక్క ముక్క చెల్లెలికి. బావి ఉన్న నడిమి ముక్క నాకు. చివరి ముక్క అన్నకు. చేను మాత్రం తలా సమానం.

ఇక్కడ మీరు కాస్త శ్రద్ధగా వినాలి. భూమి పంచడం సులభం. సర్వేయరు గొలుసు పట్టుకుంటే ఒక పూటలో అయిపోతుంది. పంచలేనివే పగలు పుట్టిస్తాయి: బావి, మోటారు, దారి, చెట్టు. మా పొలానికి కరెంటు సర్వీసు ఒకటే. బావి నా ముక్కలో పడింది గనుక, రేపు నేనో నా కొడుకో నీళ్ళు ఆపితే అన్న చేను ఎండిపోతుంది. అందుకని బావి ముగ్గురి ఉమ్మడి అనీ, వారానికి ఎవరికి ఏ రోజులనీ, మోటారు చెడిపోతే ఖర్చు మూడు వంతులనీ, చివరి ముక్కకు బండి పోయేంత దారి ఎంత వెడల్పో, అది ఏ గట్టు వెంబడి పోతుందో, చింతపండు ఏ సంవత్సరం ఎవరిదో, అన్నీ పత్రంలోనే రాయించాము. రాసే ఆయన "ఇంత వివరం ఎందుకమ్మా" అని విసుక్కున్నాడు. నోటి మాటగా ముందే పంచుకున్న సంగతిని గుర్తుగా రాసుకునే కాగితానికి రిజిస్ట్రేషను అక్కరలేదని 1976లో సుప్రీంకోర్టు చెప్పినమాట నిజమే. అయితే ఆ కాగితంతోనే పంపకం జరుగుతున్నట్టయితే రిజిస్టరు చేయించక తప్పదు. కుటుంబంలోని వారికి స్టాంపు రుసుములో రాయితీ ఉంటుంది. నాలుగు డబ్బులు మిగులుతాయని కాగితం మీద రాసుకొని ఊరుకుంటే, ఆ కాగితమే మీ పిల్లల తగాదాకు విత్తనం.

పత్రం తమిళంలో ఉంది. నేను చదవబోతే అన్న "నువ్వు వద్దు" అని తనే తీసుకొని పెద్దగా చదివాడు, మొదటి నుంచి చివరిదాకా. తను చదువుతుంటే నేను చెల్లెలికి తెలుగులో చెప్పాను. ఒక చోట ఆగాడు. ఒక ఎకరా ఆరు సెంట్ల చిల్లర అని ఉన్న చోట గుంటల్లో ఎంతో కూడా రాయించమన్నాడు. తన కొడుకులు కన్నడ బడిలో చదువుకున్నవాళ్ళు, రేపు వాళ్ళకు తెలియాలి కదా అన్నాడు. ఒక ఎకరా రెండు గుంటల చిల్లర అవుతుంది. రాసే ఆయన మళ్ళీ విసుక్కున్నాడు. రాశాడు. ఆ తరువాత పట్టాలు ముగ్గురి పేర్లకూ విడివిడిగా మార్పించుకున్నాము.

లెక్కల పుస్తకం అన్న తీసుకెళ్ళాడు. నేను ఇస్తానని అనలేదు, అతను అడగనూ లేదు. లేచేటప్పుడు చంకలో పెట్టుకున్నాడు. చదవలేడు కదా ఎందుకు అని చెల్లెలు నాతో గుసగుసగా అంది. నేను ఊరుకున్నాను.

మా మధ్య పాత చనువు తిరిగి రాలేదు. పండుగలకు వస్తాడు, తింటాడు, చీకటి పడకముందే బస్సు ఎక్కుతాడు. మా అబ్బాయి పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్నప్పుడు ఫోను చేసి వాడితో మాట్లాడాడు, నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ పాపా అని పిలవడు. మొన్న ఎండాకాలంలో బావిలో నీళ్ళు అడుగంటాయి. గంట తోడితే మోటారు గాలి పీల్చేది. ఆ వారం నీళ్ళు అన్న వంతు. అతని ముక్కలో రాగులు కోసేశారు, నా ముక్కలో బీన్సు పూత మీద ఉంది. నేను అడగలేదు. అడగాలా వద్దా అని రెండు రోజులు తిరిగాను. మూడోనాటి పొద్దున ఫోను మోగింది.

"టీచరమ్మా, ఈ వారం నీళ్ళు నువ్వు కట్టుకో. వచ్చే వారం నీ వంతులో నాకు రెండు రోజులు తిరిగి ఇయ్యాల. పుస్తకంలో రాసి పెట్టుకో" అన్నాడు.

రాసి పెట్టుకున్నాను. తమిళంలో.